బడి యాప్‌లో మన బిడ్డల వివరాలు: ఎవరి చేతుల్లో ఉన్నాయి?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మీ అబ్బాయి టెన్త్ కదండీ, ఇంటర్ ఎక్కడ చేర్పిద్దామనుకుంటున్నారు?" అంటూ ఏదో జూనియర్ కాలేజీ పీఆర్వో పలకరిస్తాడు. బిడ్డ పేరు, బడి పేరు, తండ్రి పేరు అన్నీ ఆయనకు ముందే తెలుసు. మా నంబరు మీకెలా వచ్చిందని అడిగితే మాట దాటేస్తాడు. తల్లిదండ్రులు విసుక్కుని ఫోన్ పెట్టేస్తారు. మర్నాడు ఇంకో కాలేజీ నుంచి ఇంకో ఫోన్.

ఈ ఫోన్ల బెడద తెలియని కుటుంబం మన సంఘాల్లో అరుదు. చాలామంది దీన్ని చిరాకుగానే చూస్తారు కానీ ప్రమాదంగా చూడరు. అయితే ఒక కాలేజీ మనిషికి అందిన జాబితా ఒక మోసగాడికి కూడా అందగలదు. మన బిడ్డల వివరాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, ఏ దారిలో బయటికి పోతున్నాయి, వాటిని కాపాడడానికి ఇంట్లో, బడిలో, సంఘంలో మనం ఏం చేయగలం అన్నది ఈ వారం వివరంగా చూద్దాం. ఇది కంప్యూటర్ చదివినవాళ్ల వ్యవహారమని పక్కన పెట్టవద్దని పాఠకులను కోరుతున్నాం. బిడ్డను బడికి పంపే ప్రతి తల్లికీ ఇది అర్థమయ్యే విషయమే.

ఏ వివరాల గురించి మాట్లాడుతున్నాం?

ఒకప్పుడు బడిలో బిడ్డ వివరాలంటే అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, ప్రోగ్రెస్ కార్డు. అవి హెడ్మాస్టరు గదిలో బీరువాలో ఉండేవి. ఎవరైనా చూడాలంటే ఆ గదిలోకి వెళ్లి అడగాలి. ఇప్పుడు ఫీజుకు ఒక యాప్, హోంవర్కుకు ఒక యాప్, బస్సు ఎక్కడుందో చూడడానికి ఒక యాప్, హాజరుకు ఒకటి, ఆన్‌లైన్ పాఠాలకు మరొకటి. బీరువాలో ఉన్నవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వివరాలు వీటిలో చేరుతున్నాయి.

వ్యక్తిగత గుర్తింపు సమాచారం అంటే ఒక బిడ్డను ఫలానా అని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఏ వివరమైనా. పేరు, ఫొటో, ఆధార్ నంబరు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, ఇంటి చిరునామా సూటిగా గుర్తుపట్టించేవి. పుట్టిన తేదీ, తరగతి, ఊరు, బస్సు ఎక్కే స్టాపు విడివిడిగా చూస్తే చిన్నవే. కలిపి చూస్తే అవి కూడా మనిషిని పట్టిస్తాయి. ఒక చిన్న ఊళ్లో ఏడో తరగతిలో ఫలానా తేదీన పుట్టిన అమ్మాయి ఒక్కతే ఉండవచ్చు. పేరు తీసేసినా ఆమె ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది.

ఇవి కాక ఇంకా సున్నితమైనవి ఉన్నాయి. బిడ్డ ఆరోగ్యం, కులం, మతం, కుటుంబ ఆదాయం, ఫీజు బకాయి, క్రమశిక్షణ చర్యలు, కౌన్సెలింగ్‌లో చెప్పుకున్న మాటలు. కొత్తగా చేరినవి ముఖం, వేలిముద్ర, ఫోన్ చెప్పే లొకేషన్.

వీటిలో చాలావాటికి ఒక లక్షణం ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేసి కొత్తది తెచ్చుకోవచ్చు. పుట్టిన తేదీని, ముఖాన్ని, వేలిముద్రను, చిన్నప్పుడు వచ్చిన జబ్బును ఎవరూ మార్చుకోలేరు. పదేళ్ల వయసులో బయటికి పోయిన వివరం ఆ బిడ్డ ఉద్యోగానికి వెళ్లేనాటికి, పెళ్లి సంబంధాలు చూసేనాటికి కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది.

బడి గేటు దాటాక ఎక్కడికి పోతాయి?

"మా బిడ్డ వివరాలు బడివాళ్ల దగ్గరే ఉన్నాయి కదా" అని తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి యాప్ తయారుచేసేది బడి కాదు. ఏదో కంపెనీ తయారుచేస్తుంది, బడి ఏడాదికింత అని కట్టి వాడుకుంటుంది. ఆ కంపెనీ తన సమాచారాన్ని ఇంకో పెద్ద కంపెనీ సర్వర్లలో దాస్తుంది. ఎస్సెమ్మెస్‌లు పంపడానికి ఒక సంస్థ, ఫీజు వసూలుకు ఒక సంస్థ ఉంటాయి. యాప్‌ను ఎవరు ఎంతసేపు వాడుతున్నారో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు వేరే సంస్థలవి అందులోనే ఉంటాయి. బడికి మనం ఇచ్చిన ఒక్క ఫారం ఇలా నాలుగైదు చేతులు మారుతుంది. ఆ చేతుల్లో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా సమాచారం జారిపోతుంది.

2022 మే నెలలో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లలకు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను అది పరిశీలించింది. వాటిలో దాదాపు 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించేలా, లేదా కలిగించే ప్రమాదం ఉండేలా సమాచారాన్ని సేకరిస్తున్నాయని తేల్చింది. చాలావాటి నుంచి పిల్లల సమాచారం ప్రకటనల వ్యాపారం చేసే సంస్థలకు చేరుతోందని కూడా చెప్పింది. అప్పట్లో పిల్లలకు వేరే దారి లేదు. ఆ యాప్ తెరవకపోతే పాఠం లేదు.

మన దేశంలో జరిగింది

'దీక్ష' యాప్ పేరు ఉపాధ్యాయులున్న ప్రతి ఇంట్లో తెలుసు. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ వేదిక మీద పాఠాలు, ఉపాధ్యాయుల శిక్షణ తరగతులు ఉంటాయి. కోవిడ్ కాలంలో లక్షలాది పిల్లలు దానిపైనే ఆధారపడ్డారు.

దీక్షకు చెందిన సమాచారం దాచిన ఒక క్లౌడ్ సర్వర్‌కు తాళం వేయకుండా వదిలేశారన్న సంగతి 2023 జనవరిలో పత్రికల ద్వారా బయటపడింది. పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు అందులో ఉన్నాయి. సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల పేర్లు, వాళ్లు చదివే బడుల వివరాలు, చేసిన కోర్సుల వివరాలు ఉన్నాయి. విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లలో కొంత భాగాన్ని మాత్రం కప్పి ఉంచారు. ఏడాదికి పైగా ఆ తలుపు తెరిచే ఉంది.

ఇక్కడ ఎవరూ గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. వేయవలసిన తాళం వేయలేదు, అంతే. మన ఇళ్లలో బీరువా తాళం వేశామో లేదో రాత్రి ఒకసారి చూసుకుంటాం. లక్షల మంది పిల్లల బీరువాను ఏడాది పాటు ఎవరూ చూసుకోలేదు.

అమెరికాలో జరిగింది

మన సంఘాల్లో పిల్లలు, మనవలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి బడులలో 'పవర్‌స్కూల్' అనే వ్యవస్థ బాగా వాడుకలో ఉంది. మార్కులు, హాజరు, ఆరోగ్య వివరాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే నమోదవుతాయి.

2024 డిసెంబరులో ఎవరో దొంగిలించిన లాగిన్ వివరాలతో ఆ కంపెనీ సహాయ విభాగం పోర్టల్‌లోకి ప్రవేశించి, వేల బడుల సమాచారాన్ని తీసుకుపోయారు. ఆరు కోట్లకు పైగా విద్యార్థుల వివరాలు తన దగ్గరున్నాయని దొంగ చెప్పుకున్నాడు. పేర్లు, చిరునామాలతో పాటు కొందరి సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వైద్య వివరాలు కూడా అందులో ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన నార్త్ కరోలినాలో రాష్ట్రమంతటా ప్రభుత్వ బడులు ఆ వ్యవస్థనే వాడుతుండేవి. సమాచారాన్ని చెరిపేస్తాడన్న మాట మీద కంపెనీ దొంగకు డబ్బు చెల్లించింది. అయినా 2025 మే నెలలో అదే సమాచారం చూపించి కొన్ని బడి యంత్రాంగాలను మళ్లీ డబ్బు కోసం బెదిరించారు. చివరికి ఈ కేసులో నేరం ఒప్పుకున్నది మసాచుసెట్స్‌కు చెందిన 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి.

ఈ సంఘటనలో మనం గుర్తుపెట్టుకోవలసిన మరో సంగతి టొరంటో నగరంలో బయటపడింది. అక్కడి ప్రభుత్వ బడుల బోర్డు దగ్గర 1985 నుంచి చదివిన విద్యార్థుల వివరాలు కూడా అదే వ్యవస్థలో ఉన్నాయి. బడి వదిలి ముప్పై, నలభై ఏళ్లయిన మనుషులకు కూడా "మీ సమాచారం పోయి ఉండవచ్చు" అని చెప్పవలసి వచ్చింది. అవసరం తీరాక చెరిపేసి ఉంటే దొంగిలించడానికి అక్కడ అంత ఉండేది కాదు.

పోతే ఏమవుతుంది?

"మా దగ్గర ఏముందని దోచుకుంటారు?" అని కొందరు అంటారు. మోసగాడికి కావలసింది మన నమ్మకం. బిడ్డ పేరు, బడి పేరు, తరగతి తెలిసినవాడి మాటను తల్లి వెంటనే నమ్ముతుంది. "మీ బాబుకు బడిలో దెబ్బ తగిలింది, ఆసుపత్రికి తీసుకెళ్లాం, వెంటనే డబ్బు పంపండి" అంటే చేయి వణుకుతుంది, ఆలోచన ఆగిపోతుంది. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు" అని బెదిరించి డబ్బు గుంజిన సంఘటనలు దేశమంతటా జరిగాయి. ఉపకార వేతనం అనో, ప్రభుత్వ పథకం డబ్బు అనో చెప్పి ఓటీపీ అడిగేవాళ్లకు కూడా ఈ జాబితాలే పెట్టుబడి.

రెండోది బిడ్డ శరీర భద్రత. బస్సు యాప్ వల్ల తల్లికి ఎంతో నిశ్చింత. ఆలస్యమైతే రోడ్డు మీద నిలబడి ఎదురుచూడనక్కరలేదు. అదే యాప్ బిడ్డ ఏ సమయానికి ఏ స్టాపులో ఒంటరిగా దిగుతుందో కూడా చెబుతుంది. ఆ వివరం ఎవరెవరు చూడగలరన్నది అందుకే ముఖ్యం. విడిపోయిన కుటుంబాల్లో, కోర్టు వివాదాల్లో ఉన్న తల్లులకు ఇది ప్రాణానికి సంబంధించిన విషయం కావచ్చు.

మూడోది అవమానం. ఫీజు కట్టనివాళ్ల జాబితాను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఫలానా బిడ్డకు మూర్ఛ ఉందని అందరికీ తెలిసేలా రాయడం, తప్పినవాళ్ల మార్కుల పట్టిక ఫొటో తీసి పంపడం. వీటికి దొంగలు అక్కరలేదు, మన అజాగ్రత్త చాలు. బిడ్డ మర్నాడు బడికి వెళ్లనంటుంది. ఎందుకో ఇంట్లో చెప్పదు.

చట్టం ఏం చెబుతోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పు చెప్పింది. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో, బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయరాదని, ఆధార్ లేదన్న కారణంగా ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం నిరాకరించరాదని స్పష్టం చేసింది. ఈమధ్య బడులలో తీసుకుంటున్న 'అపార్' అనే 12 అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్యకు కూడా తల్లిదండ్రుల సమ్మతి పత్రం అవసరం. సంతకం పెట్టమన్నారు కదా అని పెట్టకుండా, ఆ పత్రం చదివి పెట్టడం మన హక్కు.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని ప్రతివారూ పిల్లలే. పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూడగలిగిన సమ్మతి, ఉండాలి. పిల్లల కదలికలను వెంటాడడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపించడం కూడదు. అవసరం తీరిన సమాచారాన్ని చెరిపేయాలి. సమాచారం పోతే ఆ సంగతి బాధితులకు తెలియజేయాలి. పిల్లల విషయంలో నిబంధనలు మీరితే 200 కోట్ల రూపాయల వరకు, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల వరకు జరిమానా ఉంది.

అయితే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు పాటించవలసిన ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో, అమలులోకి వచ్చేలా గడువు పెట్టారు. విద్యా కార్యకలాపాలకు, పిల్లల భద్రతకు అవసరమైన పర్యవేక్షణ మేరకు బడులకు సమ్మతి విషయంలో మినహాయింపు ఇచ్చారు. ఆ పరిధి దాటితే మినహాయింపు వర్తించదు. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయిన కుటుంబానికి రాదు. మరొకటి, యూరప్ చట్టం మతవిశ్వాసాన్ని, ఆరోగ్యాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తుంది. మన చట్టంలో అలాంటి వేరు తరగతి లేదు. కాబట్టి చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా కూర్చోలేం. అడిగేవాళ్లు ఉన్నచోటనే అది పనిచేస్తుంది.

సమ్మతి అంటే సంతకం మాత్రమేనా?

స్వీడన్‌లో షెలెఫ్టియో అనే పట్టణంలోని ఒక బడి 22 మంది విద్యార్థుల హాజరును ముఖం గుర్తించే కెమెరాతో వేసి చూసింది. కొన్ని వారాల ప్రయోగం అది. విద్యార్థుల తరఫున సమ్మతి తీసుకున్నామని బడివాళ్లు చెప్పారు. 2019లో ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ రెండు లక్షల క్రోనాల జరిమానా విధించింది. బడికీ విద్యార్థికీ మధ్య బలం సమానంగా ఉండదు, కాబట్టి అలాంటిచోట ఇచ్చిన సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదిగా లెక్కించలేమని ఆ సంస్థ చెప్పింది. హాజరు వేయడానికి ముఖం అవసరం లేని దారులు ఉన్నాయి కదా అని కూడా అడిగింది.

ఈ ఆలోచన మన తల్లిదండ్రులకు బాగా తెలిసినదే. బిడ్డ సీటు వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు "మేము ఒప్పుకోం" అని ఎంతమంది అనగలరు? మన తెలుగు రాష్ట్రాల్లో కూడా ముఖం చూసి హాజరు వేసే యాప్‌లు బడులలోకి వచ్చాయి. దొంగ హాజరును ఆపాలన్న ఉద్దేశం మంచిదే. పేరు పిలిచి హాజరు వేసే పనికి బిడ్డ ముఖాన్ని శాశ్వతంగా ఒక యంత్రానికి అప్పగించడం తగునా అని అడిగే హక్కు మాత్రం మనకుంది.

తల్లిదండ్రులు అడగవలసిన ఐదు ప్రశ్నలు

పేరెంట్స్ మీటింగులో మర్యాదగా, వీలైతే నలుగురైదుగురు కలిసి, ఈ ప్రశ్నలు అడగవచ్చు.

1. ఈ యాప్ ఏయే వివరాలు తీసుకుంటుంది? ఒక్కోటి ఎందుకు? ఉపకార వేతనానికి కుల ధ్రువీకరణ అవసరం కావచ్చు. బస్సు యాప్‌కు కులం, మతం ఎందుకు?

2. యాప్ ఏ కంపెనీది? వివరాలను ఇంకెవరికీ ఇవ్వబోమని ఆ కంపెనీ బడితో రాతపూర్వకంగా ఒప్పుకుందా?

3. బడిలో ఎవరెవరు చూడగలరు? క్లాసు టీచరుకు తన తరగతి వివరాలే కనిపిస్తాయా, అందరికీ అన్నీ కనిపిస్తాయా?

4. బిడ్డ టీసీ తీసుకుని వెళ్లాక వివరాలు ఎంతకాలం ఉంచుతారు?

5. వివరాలు పోతే మాకు ఎవరు, ఎప్పుడు చెబుతారు?

చాలా బడులలో మొదటిసారి సమాధానం దొరకకపోవచ్చు. హెడ్మాస్టరుకే తెలియకపోవచ్చు. అడిగితేనే వాళ్లు కంపెనీని అడుగుతారు.

ఇంట్లో మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్ అన్నచోటికి వెళ్లి, బడి యాప్ పేరు నొక్కితే పర్మిషన్లు కనిపిస్తాయి. హోంవర్కు యాప్‌కు లొకేషన్, కాంటాక్టులు, మైక్ ఇచ్చి ఉంటే తీసేయండి. పని ఆగితే మళ్లీ ఇవ్వవచ్చు. చాలా బడులు బిడ్డ పుట్టిన తేదీనే పాస్‌వర్డ్‌గా ఇస్తాయి. మొదటి రోజే దాన్ని మార్చండి. బడి మారినప్పుడు యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే ఖాతా పోదు. ఖాతాను మూసివేయమని రాసి ఇవ్వాలి. అత్యవసరమంటూ డబ్బు అడిగే ఫోన్ వస్తే ముందు పెట్టేసి, మన దగ్గరున్న బడి నంబరుకు మనమే చేసి కనుక్కోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఉపాధ్యాయులతో ఒక మాట

మన సంఘాల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. రోజూ ఏదో ఒక యాప్‌లో ఏదో ఒకటి ఎక్కించమని పైనుంచి వచ్చే ఒత్తిడి మేమెరుగుదుం. నెట్ రాదు, సర్వర్ పనిచేయదు, గడువు మాత్రం సాయంత్రానికే. ఆ తొందరలో విద్యార్థుల ఆధార్ జాబితా మొత్తం వాట్సాప్ గ్రూపులోకి పోతుంది. బడి లాగిన్ కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఫైలు తెరిచి, మూయకుండా వచ్చేస్తారు. ఈ మూడు అలవాట్లు మానగలిగితే సగం ప్రమాదం తగ్గుతుంది. పని అయ్యాక ఫోన్‌లో మిగిలిన పిల్లల ఫొటోలను, జాబితాలను చెరిపేయడం నాలుగోది.

సంఘంలో మన లెక్క

బడిని ప్రశ్నించే ముందు, వెనుక నిలబడి మన సంఘాలను కూడా చూసుకుందాం. వేసవి సెలవుల్లో వీబీఎస్ కోసం ఆన్‌లైన్ ఫారం పెడతాం. పేరు, వయసు, చిరునామా, ఫోన్, ఫొటో అన్నీ అడుగుతాం. ఆ ఫారం లింకు ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు జాబితా కనిపిస్తుందా లేదా అన్నది ఎంతమంది సరిచూస్తారు? మూడేళ్ల కిందటి జాబితా ఎవరి ఫోన్‌లో ఉంది? ఆదివార పాఠశాల జాబితాలో ఒక బిడ్డ పేరు ఉండడమే ఆ కుటుంబ విశ్వాసాన్ని చెబుతుంది. కొన్ని కుటుంబాలకు ఆ విషయం బంధువుల్లో, ఊళ్లో, సర్టిఫికెట్ల దగ్గర ఎంత సున్నితమో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

హాస్టళ్లు, పిల్లల ఆశ్రమాలు నడిపే సంస్థల బాధ్యత ఇంకా పెద్దది. దాతల కోసం బిడ్డ ఫొటో, పేరు, ఊరు, తండ్రి తాగుడు, తల్లి జబ్బు అన్నీ రాసి ఇంటర్నెట్‌లో పెడుతున్నాం. ఆ బిడ్డ పెద్దయ్యాక తన పేరు వెతికితే మొదట కనిపించేది ఆ కథే. 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో వంటి గుర్తింపు వివరాలను ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సదుద్దేశంతో చేశామన్నది ఆ బిడ్డకు కలిగిన నష్టాన్ని పూడ్చదు.

ప్రార్థన గ్రూపులో "ఫలానావారి పాపకు ఫలానా జబ్బు" అని పెట్టే ముందు ఆ తల్లిని ఒక మాట అడగడం, జబ్బు పేరు లేకుండా ప్రార్థించమని కోరడం కష్టమైన పని కాదు. వీబీఎస్ అయిపోయిన వారంలోనే ఫారం మూసి, అవసరం లేని వివరాలు చెరిపేయవచ్చు. సంఘంలో కంప్యూటర్ చదివిన యవ్వనస్థులు ఉంటారు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత వాళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, చదువు రాని తల్లుల ఫోన్లలో పర్మిషన్లు సరిచేసే పని అప్పగించండి. అరగంటలో ఇరవై కుటుంబాలకు మేలు జరుగుతుంది.

యాప్‌లను మానేయమని మేము చెప్పడం లేదు. దూరాన కూలికి వెళ్లిన తండ్రి బిడ్డ మార్కులు ఫోన్‌లో చూసుకోగలుగుతున్నాడంటే అది మంచిదే. మేము చెప్పేది ఒక్కటే. బిడ్డ వివరాలు బిడ్డవే. బడి గానీ, కంపెనీ గానీ, సంఘం గానీ వాటిని కొంతకాలం దగ్గర పెట్టుకునేవాళ్లు మాత్రమే. దగ్గర పెట్టుకున్నవాళ్లు అవసరమైనంత మేరకే తీసుకోవాలి, జాగ్రత్తగా దాచాలి, పని అయ్యాక చెరిపేయాలి. వచ్చే పేరెంట్స్ మీటింగుకు వెళ్లేటప్పుడు పైన చెప్పిన ఐదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. సంఘ పెద్దల తర్వాతి సమావేశంలో మన జాబితాల సంగతి కూడా ఒక అంశంగా పెట్టండి.